పెళ్లికి ఎంతమంది కావాలి?

హైదరాబాద్ నాంపల్లి స్టేషన్‌లో దిగి అబిడ్స్ వైపు నడిస్తే, మన దగ్గర పెళ్లి చేసుకోవడానికి ఉన్న దారులన్నీ రెండు మూడు కిలోమీటర్ల లోపలే తగులుతాయి. ఎం.జె. రోడ్డులో రిజిస్ట్రేషన్ శాఖ కార్యాలయాలు ఉన్నాయి. హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు ఉంది. ఖాజీలు జరిపించిన నిఖాల రికార్డు అక్కడికి చేరుతుంది, పెళ్లి ధ్రువపత్రం కావాలంటే అక్కడికే వెళ్లాలి. అబిడ్స్‌లో సెయింట్ జార్జ్ చర్చి, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ ఉన్నాయి. ఇంకొంచెం ముందుకు వెళ్తే సుల్తాన్‌బజార్‌లో 1892 నాటి ఆర్యసమాజం. గుడిలో చేసుకోవాలనుకుంటే ఎటు తిరిగినా గుడే.

ఈ చోట్లలో ఏ ఒక్కటీ వెయ్యిమందిని అడగదు. వెయ్యిమందిని అడిగేది మనమే. పదిహేనేళ్లుగా ఊరి చివర ఫంక్షన్ హాళ్లు పెరుగుతూ పోయాయి, వాటిని నింపడానికి పిలుపుల జాబితాలూ పెరిగాయి. ఇప్పుడు కొందరు పిల్లలు, కొందరు తల్లిదండ్రులు కూడా, "యాభైమందితో చేసుకుంటాం, చేస్తాం" అంటున్నారు. వాళ్లకు ఎదురయ్యే ప్రశ్నలు చాలా ఉన్నాయి. చట్టం ఒప్పుకుంటుందా, శాస్త్రం ఒప్పుకుంటుందా, చుట్టాలు ఒప్పుకుంటారా, మిగిలిన డబ్బు ఎవరికి మిగులుతుంది? ఒక్కొక్కటీ చూద్దాం.

చట్టం సంగతి తేలిక. 1954 ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెళ్లికి వధూవరులు, వివాహ అధికారి, ముగ్గురు సాక్షులు ఉంటే చాలు. మొత్తం ఆరుగురు. ఆ ముగ్గురు సాక్షుల ముందు, అధికారి ముందు, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో ఒకరినొకరు భార్యగా భర్తగా స్వీకరిస్తున్నామని చెప్పాలి. దండలు మార్చుకుంటారో, ఉంగరాలు మార్చుకుంటారో, ఏమీ చేయరో వాళ్లిష్టం. అయితే దీనికి ముందస్తు లెక్క ఉంది. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా నివాసం ఉండాలి. నోటీసు ఇచ్చాక దాన్ని ఆఫీసు బోర్డుకు పెడతారు, మరో 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. నోటీసు ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోగా పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. చాలామందికి తెలియని వెసులుబాటు ఇంకొకటి ఉంది: పెళ్లి ఆఫీసులోనే జరగాలని లేదు. తగిన దూరంలో ఉన్న ఇంటికో హాలుకో అధికారిని రప్పించుకోవచ్చు, దానికి అదనపు రుసుము కట్టాలి. ఆఫీసు మెట్లెక్కలేని అమ్మమ్మ ఉన్న ఇంటికి ఇది ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు.

ఆ నోటీసు బోర్డు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పెద్దలు ఒప్పుకున్న జంటకు 30 రోజులు పత్రిక రాసుకునేంత సమయం. పెద్దలను ఎదిరించి వచ్చిన జంటకు, ముఖ్యంగా కులమో మతమో వేరైన జంటకు, తమ పేర్లూ చిరునామాలూ గోడకెక్కి ఉండే 30 రోజులు భయంతో గడిచే రోజులు. చట్టం కల్పించిన స్వేచ్ఛను చట్టమే ఇలా బెదిరించడం సరికాదని నా అభిప్రాయం.

క్రైస్తవ వివాహానికి 1872 నాటి చట్టం పాదిరిగారితో పాటు కనీసం ఇద్దరు సాక్షులను అడుగుతుంది. మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలంటుంది. నిఖాకు ఖాజీ, ఇద్దరు సాక్షులు, వధువు తరఫున వకీలు, మెహర్, రెండు వైపుల అంగీకారం కావాలి. అది మసీదులో పావుగంటలో అయిపోతుంది, వచ్చినవాళ్లకు ఖర్జూరాలు పంచితే సరిపోతుంది. పెళ్లి మసీదులోనే చేసి ఆడపిల్ల వారి మీద విందు భారం తీసేయాలని హైదరాబాద్ ముస్లిం పెద్దలు ఎంతో కాలంగా చెబుతున్నారు. విందు అనేది వరుడి వైపు వారు ఇచ్చే వలీమా. ఆడపిల్ల తండ్రి అర్ధరాత్రి దాకా హాల్లో బిర్యానీ పెట్టించాలన్న నియమం ఎక్కడా లేదు.

హిందూ పెళ్లి విషయంలో ఒక చిక్కు ఉంది. 1955 హిందూ వివాహ చట్టం ఎంతమంది రావాలో చెప్పదు గానీ, ఆచారం ప్రకారం తంతు జరగాలని చెబుతుంది. 2024లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ మాట స్పష్టం చేసింది. తంతు జరగకుండా కాగితం మాత్రమే తెచ్చుకుంటే అది పెళ్లి కాదంది. అదే తీర్పులో, పెళ్లంటే ఆటపాటలకూ విందు వినోదాలకూ సాకు కాదని కూడా చెప్పింది. అంటే ఆర్భాటం తగ్గించుకోవచ్చు, సప్తపదిని తగ్గించుకోకూడదు. ఆదర్శం కోసం దండల పెళ్లి చేసుకునేవాళ్లు ఇది గమనించాలి. తమిళనాడు తన రాష్ట్రం వరకూ చట్టాన్ని సవరించి ఆత్మగౌరవ వివాహాలకు గుర్తింపు ఇచ్చుకుంది. మన దగ్గర అలాంటి సవరణ లేదు. కాబట్టి దండలే చాలనుకుంటే ప్రత్యేక వివాహ చట్టం కిందకు వెళ్లడం క్షేమం. ఆర్యసమాజం పెళ్లిళ్లకు 1937 నుంచీ చట్టం అండ ఉంది, అయినా పెళ్లి ధ్రువపత్రాలివ్వడం ఆర్యసమాజం పని కాదని 2022లో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. హోమం అక్కడ చేసుకున్నా నమోదు రిజిస్ట్రారు దగ్గరే చేయించుకోవాలి. ఉమ్మడి రాష్ట్రం 2002లో తెచ్చిన వివాహాల నిర్బంధ నమోదు చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. పెళ్లి ఎంత చిన్నదైతే నమోదు అంత ముఖ్యం. రేపు ఎవరైనా కాదంటే, చూశామని చెప్పేవాళ్లు తక్కువమందే ఉంటారు మరి.

చట్టం ఆరుగురితో సరిపెట్టుకుంటుంది, మరి సంప్రదాయం? ఇక్కడే మన పెద్దవాళ్లు పొరబడుతున్నారు. తెలుగు పెళ్లి తంతులో పని ఉన్న మనుషులను లెక్కపెట్టి చూడండి. కన్యాదానానికి ఇద్దరు, అందుకోవడానికి ఇద్దరు. గంపలో తెచ్చే మేనమామ, ఆయన భార్య. అవతలి వైపు కూడా మేనమామ దంపతులు. లాజహోమానికి దోసిట్లో పేలాలు పోసే తమ్ముడో అన్నో. కొంగుముడి దగ్గర ఆడపడుచు. తోడుపెళ్లికొడుకు, తోడుపెళ్లికూతురు. పసుపు దంచే ముత్తయిదువులు ఎలాగూ ఈ అమ్మలూ అత్తలే. పురోహితుడు, సన్నాయి డోలు మేళం నలుగురు. వధూవరులతో కలిపి ఇరవై దాటదు. జీలకర్రబెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, అప్పగింతలు, ఒక్కటీ తగ్గకుండా ఈ ఇరవైమందితో పూర్తవుతాయి. తెలంగాణ పద్ధతిలో పోచమ్మకు బోనం, మైలపోలు, కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు తేవడం కలిపినా మనుషులు పెద్దగా పెరగరు, రోజులు పెరుగుతాయి. తాతలూ అమ్మమ్మలూ నానమ్మలూ, తోబుట్టువులూ, వాళ్ల పిల్లలూ, ప్రాణస్నేహితులూ కలిస్తే నలభై యాభై. తంతును పూర్తిగా, అర్థమయ్యేలా, తొందరపెట్టకుండా జరిపించాలంటే నిజానికి ఈ సంఖ్యే అనువైనది. వెయ్యిమంది హాల్లో పురోహితుడి మంత్రం ఫొటోగ్రాఫర్ల వీపుల వెనకే ఆగిపోతుంది. తలంబ్రాలు పోసేటప్పటికి సగం మంది భోజనాల దగ్గర ఉంటారు.

చిన్న పెళ్లి మనకు కొత్తదీ కాదు. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ ఆ దంపతులు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. వెలి వేస్తారన్న భయంతో రావలసినవాళ్లే రాలేదు, పోలీసుల కాపలా పెట్టవలసి వచ్చింది. వచ్చిన కొద్దిమందీ ప్రాయశ్చిత్తాలకూ బహిష్కరణలకూ సిద్ధపడి వచ్చినవాళ్లు. పెళ్లికి ఎవరు రావాలన్న ప్రశ్నకు ఇంతకన్నా గట్టి జవాబు తెలుగు చరిత్రలో నాకు కనిపించలేదు: తర్వాత ఎదురయ్యే కష్టంలో ఆ దంపతుల పక్కన నిలబడేవాళ్లు రావాలి.

త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహవిధి' రాసి, తెలుగులో పెళ్లి జరిపించే పద్ధతి తెచ్చారు. అక్కడ దృష్టి సంఖ్య మీద లేదు, వినేవాళ్లకు మంత్రం అర్థం కావడం మీద ఉంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా తన కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయించినప్పుడు అది సేవాగ్రామంలో గాంధీ సమక్షంలో జరగవలసింది. గాంధీ హత్య తర్వాత, 1948 మార్చిలో, అనుకున్న సేవాగ్రామంలోనే నిరాడంబరంగా జరిగింది. ఆ తర్వాత కమ్యూనిస్టుల, హేతువాదుల దండల పెళ్లిళ్లు వచ్చాయి. ఈ పెళ్లిళ్లన్నీ బహిరంగంగానే జరిగాయి, కొన్ని సభలుగానే జరిగాయి. తగ్గించింది ఖర్చునూ కట్నాన్నీ కులాన్నీ. జనాన్ని తగ్గించడమే గొప్ప అని వాళ్లెవరూ అనుకోలేదు. ఈ తేడా ఇవాళ మనం మరిచిపోతున్నాం.

ప్రభుత్వాలు కూడా జనాన్ని తగ్గించాలని చూశాయి. 1960లలో ఆహార కొరత రోజుల్లో దేశంలో కొన్ని రాష్ట్రాలు విందులకు అతిథుల పరిమితి పెట్టాయి. 2017లో జమ్మూ కాశ్మీర్ కూతురి పెళ్లికి 500, కొడుకు పెళ్లికి 400 దాటరాదంది. పెళ్లి ఖర్చు 5 లక్షలు దాటితే అందులో పదో వంతు పేద ఆడపిల్లల పెళ్లిళ్లకు ఇవ్వాలంటూ రంజీత్ రంజన్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఇలాంటి నియమాలు నిలవవు. పెళ్లి భోజనాల దగ్గర తలలు లెక్కపెట్టే అధికారిని ఏ ఊరూ ఎక్కువ కాలం భరించదు.

నిలబడిన పరిమితి ఒక్కటే, అది కరోనా తెచ్చినది. 2020 మార్చి మధ్యలో తెలంగాణ ప్రభుత్వం అప్పటికే కుదిరిన పెళ్లిళ్లను 200 మందితో జరుపుకోమంది. మే నాటికి కేంద్రం 50 అంది. 2021 మే 12న రెండో లాక్‌డౌన్ పెట్టినప్పుడు రాష్ట్రం 40 అంది. ఆ రోజుల్లో మేడ మీద, వాకిట్లో, గుడి మండపంలో వేల పెళ్లిళ్లు జరిగాయి. 2020 ఆగస్టులో నటుడు రానా దగ్గుబాటి పెళ్లి కూడా రామానాయుడు స్టూడియోలో 30 మంది లోపు అతిథులతోనే జరిగింది. తంతుకు కావలసినవాళ్లూ దగ్గరివాళ్లూ కలిపి పైన వేసిన లెక్కకూ ఆ 40, 50 అంకెలకూ పెద్ద తేడా లేదు. అందుకే ఆ పెళ్లిళ్లు లోటుగా అనిపించలేదని చాలా కుటుంబాలు చెప్పాయి. పరిమితి ఎత్తేయగానే జాబితాలు మళ్లీ పాత పొడవుకు పెరిగాయన్నదీ నిజమే. ఆంక్ష ఉన్నప్పుడు "ప్రభుత్వం వద్దంది" అనే మాట పెద్దలకు అండ అయింది. ఇప్పుడు "మేమే వద్దనుకున్నాం" అని చెప్పాలి. అది చాలా కష్టమైన మాట.

తర్వాతి రోజుల్లో చిన్న పెళ్లికి రెండు రూపాలు కనిపిస్తున్నాయి. ఒకటి కలిగినవాళ్లది. 2024 సెప్టెంబర్‌లో నటులు అదితీరావు హైదరీ, సిద్ధార్థ్ వనపర్తి జిల్లా శ్రీరంగాపురంలోని రంగనాయకస్వామి గుడిలో కుటుంబాల మధ్య పెళ్లి చేసుకున్నారు. ఆమె తల్లి వైపు వనపర్తి సంస్థానం, కాబట్టి అది తల్లి పుట్టింటి గుడి. ఆ ఫొటోలు చూసి ఎంతోమంది యువతీయువకులు గుడి పెళ్లి వైపు చూశారు, మంచిదే. అయితే ఆ తర్వాత రాజస్థాన్ కోటలో మరో వేడుక కూడా జరిగింది. కొద్దిమందినే విమానమెక్కించి కోటకు తీసుకెళ్లే పెళ్లికి అతిథులు తక్కువ, ఖర్చు తక్కువ కాదు. దాన్ని చిన్న పెళ్లి అనడం నాకు సమ్మతం కాదు.

రెండోది సామాన్యులది. అన్నవరం కొండ మీద పెళ్లి చేసుకుని అక్కడే సత్యనారాయణ వ్రతం చేసుకుని దిగడం గోదావరి జిల్లాల్లో తరాల అలవాటు. తిరుమలలో 2016 నుంచి టీటీడీ కల్యాణవేదికలో పురోహితుడినీ మంగళవాద్యాన్నీ పసుపు కుంకుమలనూ ఉచితంగా సమకూర్చి పెళ్లిళ్లు చేయిస్తోంది. యాదగిరిగుట్టకు హైదరాబాద్ వాళ్లు వెళ్తూనే ఉంటారు. కల్యాణలక్ష్మి కింద పేద ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 1,00,116 రూపాయలు 2014లో 51,000తో మొదలయ్యాయి. ఆ డబ్బు ఒక గుడి పెళ్లికి, రెండు బంతుల భోజనానికి, కొత్త సంసారానికి నాలుగు సామాన్లకు వస్తుంది. ఫంక్షన్ హాలు కోసం అప్పు చేసిన ఇంట్లో అది వడ్డీకి పోతుంది.

ఇక అసలు చిక్కుముడి దగ్గరకు వద్దాం. మన ఇళ్లలో పెళ్లి పిలుపు బాకీ లాంటిది. ఎవరి పెళ్లికి మనం వెళ్లి చదివింపులు రాయించామో వాళ్లను పిలవకపోతే తప్పు. పిలిస్తే వాళ్లు రాయించినది మనం దాచిన నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది, మళ్లీ వాళ్లింటి శుభకార్యానికి తీర్చాలి. ముప్పయ్యేళ్లుగా నూటపదహార్లు, ఐదువందల పదహార్లు, చీరలు ఇస్తూ వచ్చిన తండ్రికి "యాభైమందే" అనడమంటే ఇచ్చినవన్నీ వదులుకోమనడమే. పిల్లలు దీన్ని పట్టుదలగా తీసిపారేస్తారు. అది తొందరపాటు. బాకీ తీర్చే దారులు వేరే ఉన్నాయి. పెళ్లికి పిలవనివాళ్ల ఇళ్లకు పెళ్లయిన నెలలోగా కొత్త దంపతులను తీసుకెళ్లి కూర్చోబెట్టవచ్చు. ఊళ్లో ఒక పూట సత్యనారాయణ వ్రతం చేసి ఊరివాళ్లకు భోజనం పెట్టవచ్చు. చదివింపులు తీసుకోబోమని ముందే చెప్పవచ్చు. తీసుకోకపోతే తిరిగి తీర్చవలసిందీ ఉండదు.

జాబితా రాసేటప్పుడు అంకె ముందు, పేర్లు తర్వాత. యాభై అనుకుంటే ఇరుపక్షాలకూ చెరి ఇరవై అయిదు. ఆడపిల్ల వారు ఇరవై, మగపిల్లవారు వంద అనే పెళ్లిళ్లు చూస్తున్నాం. అది చిన్న పెళ్లి కాదు, ఒక వైపు వారిని చిన్నబుచ్చడం. అన్నదమ్ముల్లో ఒకరిని పిలిచి ఒకరిని వదలకూడదు. వరుస పెట్టి పిలవాలి, వరుస పెట్టే ఆపాలి. బాబాయిలను పిలిస్తే అందరినీ పిలవాలి, లేదంటే ఎవరినీ పిలవకూడదు. స్నేహితులకు కూడా అదే నియమం. ఆ జంట జీవితంలో ఏ కష్టమొచ్చినా అర్ధరాత్రి ఫోన్ చేయగలిగినవాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు, ఆ పేర్లు వాళ్లనే రాయనివ్వాలి.

అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఒకటుంది. "పెళ్లి సింపుల్‌గా చేద్దాం బావగారూ, ఆ మిగిలేది పిల్లల పేర ఒక ఫ్లాటు కొనండి." ఈ మాట ఆదర్శంలా వినిపిస్తుంది. ఇది కట్నమే. 1961 వరకట్న నిషేధ చట్టం దీన్ని నేరమంటుంది. ప్రేమతో ఇచ్చే కానుకలకు కూడా 1985 నియమాలు జాబితా రాసి సంతకాలు పెట్టమంటాయి. ఆ జాబితా ఎందరు రాస్తున్నారు? ఖర్చు తగ్గితే ఆ తగ్గింపు ఎవరి చేతికి వెళ్తుందో చూడాలి. ఇద్దరూ సంపాదిస్తున్నప్పుడు ఖర్చు సగం సగం పంచుకుని, మిగిలినది ఎవరిది వాళ్లు దాచుకుంటేనే అది నిజాయితీ గల చిన్న పెళ్లి. ఆడపిల్ల తండ్రి హాలు అద్దె బదులు ఫ్లాటు వాయిదాలు కడుతుంటే ఆ పెళ్లిలో చిన్నదేమీ లేదు.

అబిడ్స్, నాంపల్లి ప్రాంతంలోనే చేయదలచినవాళ్లకు కొన్ని పనికొచ్చే సంగతులు చెప్తాను. నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. మాఘమాసపు పెళ్లిళ్లు ఆ రోజుల్లో పడితే సాయంత్రం నాంపల్లి నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా కారు కదలదు. పొద్దుటి ముహూర్తం పెట్టుకోండి, లేదా అందరినీ మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌కు రమ్మనండి. విశాఖ వైపు చుట్టాలకు గోదావరి ఎక్స్‌ప్రెస్ నేరుగా నాంపల్లికే వస్తుంది, స్టేషన్ చుట్టూ విడిదికి లాడ్జీలున్నాయి. యాభైమందికి పెద్ద కేటరింగ్ వాళ్లు రామంటారు, ఇన్ని ప్లేట్లకు తగ్గితే గిట్టదంటారు. వాళ్లను బతిమాలే బదులు హోటల్ చిన్న హాలు తీసుకుని భోజనం అక్కడే పెట్టించడం మేలు. అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్‌లో శాకాహార భోజనం చేసి పెరిగిన తరాలున్నాయి ఈ ఊళ్లో. ఇల్లు ఉంటే వంటమనిషిని పిలిపించి ఆకులు వేసి రెండు బంతులు వడ్డించండి. బఫేలో పళ్లెం పట్టుకుని నిలబడే పెద్దవాళ్లకు కూర్చుని తినే పెళ్లి ఎంత ఊరటో వాళ్ల ముఖాల్లోనే చూడవచ్చు. మిఠాయికి పుల్లారెడ్డి, పంచడానికి మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ బిస్కట్లు, దండలకు జాంబాగ్. శుభలేఖలు ఛత్తాబజార్ ప్రెస్సుల్లో వందల లెక్కన వేస్తారు. యాభై ఇళ్లకు అవి అక్కర్లేదు, చేత్తో ఉత్తరం రాయండి. అలా అందిన ఉత్తరాన్ని ఎవరూ పారేయరు.

చిన్న పెళ్లిలో తగ్గించకూడని పద్దు ఒకటుంది. పురోహితుడు, సన్నాయి మేళం, ఐరేని కుండలు ఇచ్చే కుమ్మరి, వంటవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు. జనం తక్కువైనా వీళ్లలో చాలామంది పని తగ్గదు, పురోహితుడు అవే మంత్రాలు చదవాలి, సన్నాయి అన్ని గంటలూ ఊదాలి. హాలు అద్దెలో మిగిలిన దాంట్లోంచి వీళ్లకు నిండుగా ఇవ్వాలి. సన్నాయి బదులు ఫోన్‌లో పాట పెట్టుకుని సాదాగా చేశామనడం బాగాలేదు.

చివరగా, పిలుపు అందని బంధువులకు ఒక మనవి. చుట్టాలమ్మాయి పెళ్లి ఎప్పుడయిందో ఫొటోలు చూసి తెలుసుకున్నప్పుడు మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ పిల్లలు మిమ్మల్ని వద్దనుకోలేదు, యాభైకి గీత గీశారు, అంతే. దాన్ని అలకగా మార్చి వాళ్ల అమ్మానాన్నలను నిలదీయకండి. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లి అక్షింతలు వేసి రండి.